ప్రీఆంప్ మూత తీసే ముందు మైకు ఎంత దూరంలో ఉందో చూడండి

మీ ప్రశ్న: “సెకండ్ హ్యాండ్‌లో చవక మైక్ ప్రీఆంప్ కొన్నాను. గెయిన్ పెంచితే హిస్ వస్తోంది. లోపల ఆప్-ఆంప్, కెపాసిటర్లు మంచివి వేస్తే తగ్గుతుందా? ఎంతవుతుంది?”

కొత్తవాళ్లకి ఒక మాట: ప్రీఆంప్ అంటే మైకు నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచే పెట్టె, గెయిన్ అంటే ఎంత పెంచాలో తిప్పే నాబ్, హిస్ అంటే వెనకాల వినిపించే ‘స్స్’ చప్పుడు. ఖర్చు సంగతి ముందు చెప్పేస్తాను. నాకు 900 రూపాయలు, రెండు ఆదివారాలు, ఒక గిన్నెడు ఇడ్లీ పిండి అయ్యాయి.

మా నాన్న రిటైర్డ్ టీచరు. వయసులో ఉన్నప్పుడు ఊళ్లో పౌరాణిక నాటకాల్లో కృష్ణుడి వేషం కట్టేవారు. గొంతు ఉండగానే ఆ పద్యాలు రికార్డు చేసి పెట్టుకుందామని ఒక డైనమిక్ మైకు, ఎవరో వాడి అమ్మేసిన ప్రీఆంప్ కొన్నాను. మొదటి రోజు వింటే పద్యం వెనకాల కాలిన పెనం మీద నీళ్లు చల్లినట్టు ఒకటే చప్పుడు. మూత తీసి చూస్తే టీఎల్072 అనే ఆప్-ఆంప్, అంటే సిగ్నల్‌ని పెంచే చిప్, ఉంది. నెట్‌లో ఎక్కడ చూసినా ఒకటే సలహా: అది పీకేసి ఎన్ఈ5532 వెయ్యండి, తెర తీసినట్టుంటుంది అని. డేటాషీట్లు చూశాను. టీఎల్072 నాయిస్ 18 నానోవోల్టులు, 5532ది 5. ఇంకేం కావాలి, కోఠీ బయల్దేరాను.

గుజరాతీ గల్లీలో కెపాసిటర్లు అడిగితే కొట్టాయన “కండెన్సరా?” అన్నాడు. కండెన్సర్ అని ఇంకో రకం మైకు ఉంది, దాని గురించి అడుగుతున్నాడనుకుని నేను “కాదండీ, నాది డైనమిక్ మైకు” అన్నాను. ఆయన నా మొహం చూసి, ఫ్యాన్ కెపాసిటర్ ఒకటి తీసి బల్ల మీద పెట్టి, “దీన్నేమంటారు సార్?” అన్నాడు. పాతకాలం మెకానిక్కులందరికీ కెపాసిటర్ అంటే కండెన్సరే, నాకే గుర్తులేదు. ఆ సిగ్గులోనే ఒక మంచి పని చేశాను. మైకు ఇన్‌పుట్ దగ్గర ఫాంటమ్ పవర్‌ను (కొన్ని మైకులకి కేబుల్‌లోంచే పంపే 48 వోల్టుల కరెంటు) అడ్డుకునే కెపాసిటర్లకి ఆయన 50 వోల్టులవి ఇస్తుంటే వద్దని 63 వోల్టులవే తీసుకున్నాను. “48కి 50 చాలు సార్” అంటారు, వినకండి. రెండు వోల్టుల తేడా ఒక తేడానా?

ఇక అసలు కథ. చిప్‌కి ఐసీ బేస్ (చిప్‌ని గుచ్చి, కావాలంటే తీసే సాకెట్) లేదు, నేరుగా బోర్డుకే టంకం పెట్టేశారు. ఎనిమిది కాళ్లు. నాలుగు బాగానే వదిలాయి. ఐదోదాని దగ్గర సోల్డరింగ్ ఐరన్ రెండు క్షణాలు ఎక్కువ పెట్టానేమో, కాలితో పాటు బోర్డు మీది రాగి గీత కూడా సన్నగా, చేప పొలుసులా లేచొచ్చింది. రాత్రి పదకొండు. కత్తిరించి పడేసిన రెసిస్టర్ కాలు ఒకటి నేల మీద వెతికి, దాన్ని వంతెనలా వేసి అతికించాను. బేస్ పెట్టి, కొత్త చిప్ గుచ్చి, స్విచ్ వేశాను. పలికింది! హెడ్‌ఫోన్స్ పెట్టుకుని లెవెల్ నాబ్ తిప్పాను. గరగరగర. ఇసకలో చెప్పులు ఈడ్చినట్టు. ముందు లేని చప్పుడు.

నాబ్‌లో దుమ్ము ఉందనుకుని స్ప్రే కొట్టాను. రెండు రోజులు అదే పని. తర్వాత వెలిగింది. టీఎల్072 ఇన్‌పుట్ లోపల జేఫెట్లు అనే రకం ట్రాన్సిస్టర్లు ఉంటాయి, అది లాగే కరెంటు పదుల పికో ఆంపియర్లలో ఉంటుంది, లేనట్టే లెక్క. 5532లో ఉండేవి బైపోలార్ అనే ఇంకో రకం, దాదాపు 200 నానో ఆంపియర్లు లాగుతుంది. అంటే వేల రెట్లు. ఆ కరెంటు నాబ్‌లోంచి పారుతుంటే, తిప్పినప్పుడల్లా గరగరలాడుతుంది. నాకు ‘చిప్ మార్చు’ అని చెప్పిన పెద్దమనుషుల్లో ఒక్కరూ ఈ ముక్క చెప్పలేదు.

ఐసీ బేస్ పెట్టడం మాత్రం మంచిదయింది. పాతదీ కొత్తదీ అర నిమిషంలో మార్చి చూడొచ్చు. నాన్న చేత ఒకే పద్యం రెండు చిప్‌లతో పాడించి, రెండు రికార్డింగుల సౌండూ సమానం చేసి, ఆయనకే వినిపించాను. ఏది బాగుంది నాన్నా అంటే, “రెండూ నేనే పాడాను కదరా, తేడా ఏముంటుంది?” అన్నారు. నిజం చెప్పాలంటే నేనూ ఫైలు పేరు చూసుకుంటే తప్ప పోల్చలేకపోయాను. పాత చిప్ మళ్లీ పెట్టేశాను, గరగర పోయింది.

తేడా ఎందుకు లేదంటే, నా ప్రీఆంప్‌లో మైకు సిగ్నల్‌ని ముందు పెంచేది ఒక ట్రాన్సిస్టర్ల జత. చిప్ దాని తర్వాత వస్తుంది. గెయిన్ పైకి తిప్పినప్పుడు ఆ మొదటి మెట్టు దగ్గరి నాయిసే మిగతాదాన్నంతా మింగేస్తుంది, వెనకాల ఏ చిప్ ఉన్నా ఒకటే. పైగా డైనమిక్ మైకులో 150 ఓమ్‌ల కాయిల్ ఉందంటే, అదొక్కటే ఊరికే కూర్చుని 1.6 నానోవోల్టుల నాయిస్ పుట్టిస్తుంది. దాన్ని ఏ చిప్పూ తగ్గించలేదు. కొన్ని మోడళ్లలో చిప్ మొదటి మెట్టులోనే ఉంటుంది, అప్పుడు మార్చితే ఉపయోగమే. మీది ఏదో చూసుకోండి.

యూట్యూబ్‌లో ‘మార్చక ముందు, మార్చిన తర్వాత’ వీడియోలు పెట్టేవాళ్ల మీద నాకు ఒళ్లు మండుతుంది. మార్చిన తర్వాతిది కొంచెం గట్టిగా వినిపిస్తుంది, అంతే. ఒక్క డెసిబెల్ పెంచినా చెవికి అదే బాగున్నట్టుంటుంది. ఇక ఆ బంగారు రంగు కెపాసిటర్లు! ఎండిపోయిన పాత కెపాసిటర్ మారిస్తే తప్పకుండా బాగుపడుతుంది. కానీ ఆ పని మామూలుదైనా చేస్తుంది.

మా ఇంట్లో హిస్‌కి అసలు కారణం నాన్నే. స్టేజీ మీద దూరంగా నిలబడి పాడే అలవాటు. “మైకు నోట్లో పెట్టుకుని ఎవరైనా పాడతారట్రా” అని రెండడుగుల అవతల కూర్చునేవారు. నేను గెయిన్ చివరికంటా తిప్పేవాణ్ణి. దూరం సగమైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ కలిసొస్తాయి. రెండడుగుల నుంచి అరడుగుకి వస్తే 12. ఏ చిప్ మార్చినా అంత రాదు. చెప్తే వినరు కదా, అందుకని పద్యాల కాగితం మైకు వెనకాల కట్టాను, అక్షరాలు కొంచెం చిన్నవిగా ప్రింటు తీసి. కళ్లజోడు సర్దుకుంటూ ఆయనే ముందుకు జరిగారు.

మీరు ముందు ఒక పని చెయ్యండి. ప్రీఆంప్‌కి మైకు తగిలించే మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ ప్లగ్‌లో రెండో పిన్‌కీ మూడో పిన్‌కీ మధ్య 150 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి, గెయిన్ అంతే ఉంచి వినండి. తర్వాత మైకు పెట్టి వినండి. మైకు పెట్టినప్పుడే చప్పుడు ఎక్కువైతే అది మీ గది చప్పుడు: ఫ్యాను, ఫ్రిజ్, పక్కింటి మోటారు. నా విషయంలో ఫ్యాను, ఫ్రిజ్ రెండూ. ఆ రోజు రికార్డింగ్ కోసం ఫ్రిజ్ ఆపాను. మళ్లీ వెయ్యడం మర్చిపోయాను. పొద్దున చూస్తే పిండి గిన్నె దాటి కింది అర మీదికి దిగింది.