ప్లాన్‌లో లేని అంతస్తు ఉన్న ఇల్లు: అడ్వాన్సు ఇచ్చేముందు

మీరు కొనాలనుకుంటున్న బెంగళూరు మారతహళ్లి ఇంటికి ప్లాన్ జీ ప్లస్ 1కే (కింది అంతస్తు, దానిపైన ఒకటి) ఉంది, పైన ఇంకో అంతస్తు లేపారు, ఓనరేమో "ఏ-ఖాతా ఉందిగా" అంటున్నాడని రాశారు. ఖాతా అంటే నగరపాలక సంస్థ దగ్గరుండే ఆస్తి రికార్డు, అది పన్ను లెక్క కోసమండీ, కట్టుకోవడానికి అనుమతి కాదు.

శాంక్షన్ ప్లాన్ (అధికారులు ఆమోదించిన ప్లాన్) నకలు, టేపు పట్టుకుని వెళ్లండి. పక్క గోడ దాకా వదిలిన ఖాళీ కొలవండి. బాల్కనీ మూసి గది చేశారేమో చూడండి (సగం ఇళ్లలో దొరికేది ఇదే). ఇ-ఖాతాలోని (ఆన్‌లైన్ ఖాతా) చదరపు అడుగులతో పోల్చండి.

బ్యాంకు వాల్యుయర్ సాధారణంగా ప్లాన్‌లో ఉన్న అంతస్తులకే విలువ కడతాడు, మిగతాది మీ జేబులోంచే. ఓసీ (కట్టడం పూర్తయ్యాక, అందులో ఉండొచ్చని అధికారులిచ్చే పత్రం) చూశాకే లోన్ ఇవ్వాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అసలు భయం పునాదిది: రెండు శ్లాబులకు వేసిన పిల్లర్లు మూడోది మోస్తాయా? స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించండి.

లోన్ రాకపోతే అడ్వాన్సు వాపసు అని అగ్రిమెంటులో రాయించాకే డబ్బు తీయండి.