నాలుగు పంటల చదువు

చిరంజీవి చిట్టికి పెదనాన్న ఆశీస్సులు.

పదో తరగతి గట్టెక్కావని, వ్యవసాయ పాలిటెక్నిక్‌లో రెండేళ్ల డిప్లొమాకు వెళతానంటున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. ‘నన్ను ఎలాగూ వదలని పొలం ఇప్పుడు దాన్నీ పట్టుకుంది అన్నయ్యా’ అన్నాడు. వాడి గొంతులో విసుగు ఎంతో, మురిపెం ఎంతో నాకు అంతుపట్టలేదు. ముప్పై నాలుగేళ్లు వ్యవసాయ శాఖలో చాకిరీ చేసినవాణ్ణి కనుక నాకు తోచింది రాస్తున్నాను. చదివి మీ నాన్నకూ వినిపించు.

ఈ డిప్లొమాలో చేరితే ఇంటర్ బైపీసీ వదులుకున్నట్టే. మనసులో ఏ మూలనైనా వైద్యమో ఫార్మసీయో ఉంటే ఇప్పుడే చెప్పు, మొహమాటపడకు. బీఎస్సీ వ్యవసాయమే నీ గురి అయితే బైపీసీ చదివి ఈఏపీసెట్ రాసి వెళ్లవచ్చు, డిప్లొమా చేసి అగ్రిసెట్ రాసీ వెళ్లవచ్చు. అగ్రిసెట్ సీట్లు తక్కువ. అందుకని డిగ్రీకి దొడ్డిదారి అనుకుని ఇందులోకి రావద్దు. డిగ్రీ దక్కకపోయినా రెండేళ్ల తర్వాత చేతిలో పని ఉంటే చాలు అనుకుంటేనే రా. దరఖాస్తు నింపేటప్పుడు ఒకటి చూసుకో: వ్యవసాయ ఇంజనీరింగ్ డిప్లొమా వేరు, అది మూడేళ్లు.

గుంటూరు దగ్గర లాంలో ఉన్న ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ప్రభుత్వ పాలిటెక్నిక్‌లూ ఉన్నాయి, దానికి అనుబంధంగా ప్రైవేటువీ ఉన్నాయి. దరఖాస్తులో కాలేజీ పేరు రాసే ముందు మీ నాన్నతో వెళ్లి చూసి రా. భవనం సంగతి వదిలెయ్యి. పొలం ఎన్ని ఎకరాలు, నీరు ఎక్కడి నుంచి వస్తుంది, పోయిన పంటకాలంలో విద్యార్థులు స్వయంగా ఏం వేశారు అని అడుగు. మూడో ప్రశ్నకు నీళ్లు నమిలితే తిరుగు బస్సు ఎక్కండి.

ఇక అసలు లెక్క. రెండేళ్లంటే నాలుగు సెమిస్టర్లని కాలేజీ వాళ్లు చెబుతారు. నువ్వు మాత్రం రెండు సార్వాలు (వానాకాలం పంటలు), రెండు దాళ్వాలు (ఆ తర్వాత వేసే రెండో పంటలు) అని లెక్కపెట్టుకో. అందులోనూ మొదటి సార్వా సగం పోయినట్టే. కౌన్సెలింగ్ ముగిసి నువ్వు పెట్టె సర్దుకుని హాస్టలుకు చేరేసరికి నారుమళ్లు ముదిరిపోయి, చాలాచోట్ల నాట్లు కూడా అయిపోతాయి. చివరి దాళ్వాను పరీక్షలు మింగేస్తాయి. విత్తనం నానబెట్టడం నుంచి నూర్పిడి దాకా నీకు పూర్తిగా దక్కే వరి పంట రెండో ఏడాది సార్వా ఒక్కటే. అది కూడా వేసవి సెలవుల నుంచి వేళకు తిరిగి వస్తేనే. నాతో చదివినవాళ్లలో చాలామంది ఈ సంగతి పట్టా చేతికొచ్చాక గ్రహించారు. నేనూ అంతే.

కాబట్టి మొదటి సార్వాలో పెద్ద పనులు పెట్టుకోకు. కళ్లకు అలవాటు చెయ్యి. ఉదయం తరగతులకు ముందు అరగంట ఒకే మడి గట్టున నిలబడి చూడు. రోజుకో పొలం తిరిగితే ఏదీ గుర్తుండదు. వరి రసం పీల్చే సుడిదోమ ఆకు మీద కాదు, దుబ్బు మొదట్లో నీటికి పైన ఉంటుందని పుస్తకంలో చదవడం వేరు, వంగి దుబ్బు తట్టి చూడడం వేరు. నాట్లప్పుడు ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట ఎందుకు వదలమంటారో అలా వంగినప్పుడు తెలుస్తుంది. గాలి, వెలుతురు మొదళ్ల దాకా వెళ్లాలి, మందు కొట్టే మనిషీ నడవాలి.

మొదటి శీతాకాలం మినుముకు ఇచ్చెయ్యి. మన కృష్ణా డెల్టా మాగాణి మినుము నీకు చిన్నప్పటి నుంచీ తెలిసిందే. కోతకు రెండు మూడు రోజుల ముందు నిలువు వరిలో విత్తనం చల్లడం, నేలలో మిగిలిన తేమతోనే పంట తీయడం నీకు కొత్త కాదు. అయినా తెలిసిన పంటనే కొత్తగా చూడు. రెండున్నర, మూడు నెలల్లో చేతికొస్తుంది గనుక సెమిస్టరు మధ్య తెగిపోదు. ఆకులు పసుపెక్కే పల్లాకు తెగులును తెల్లదోమ ఎలా మోసుకొస్తుందో, పైరు మీద బతికే కలుపు బంగారు తీగ ఒక్క పోగు మిగిలినా మడంతా ఎలా అల్లుకుంటుందో తేదీలు వేసి రాసుకో. విత్తన రకాల పేర్ల ముందుండే అక్షరాలు ఏ పరిశోధన కేంద్రానివో కూడా తెలుసుకో: ఎల్‌బీజీ అంటే లాం మినుము, ఎంటీయూ అంటే మార్టేరు వరి, బీపీటీ అంటే బాపట్ల. మన ఇంట్లో వండే సాంబమసూరి బీపీటీ 5204, నేను చదివిన బాపట్ల నుంచే వచ్చింది. (గొప్ప చెప్పుకుంటున్నాననుకోకు. అది వచ్చేనాటికి నేను ఉద్యోగంలో ఉన్నాను.)

వేసవిలో ఇంటికొచ్చినప్పుడు మీ మూడెకరాల మట్టి నమూనాలు నువ్వే తియ్యి. ఎకరాకు ఎనిమిది, పది చోట్ల ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి, అంచు వెంట పైనుంచి కింది దాకా పలుచగా మట్టి చెక్కాలి. గట్ల పక్కన, చెట్ల కింద, పెంట కుప్ప వేసిన చోట తీయకూడదు. అంతా కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు పారబోస్తూ అరకిలో మిగిలేదాకా తగ్గించు. ఫలితం వచ్చాక ఎరువుల లెక్క నువ్వే కట్టు.

ఆ లెక్క దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే పట్టా ఉన్నవాళ్లూ ఇక్కడే తప్పుతారు. ఎకరాకు 36 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం కావాలనుకో. 50 కిలోల డీఏపీ బస్తా ఒకటి వేస్తే 23 కిలోల భాస్వరం సరిపోయింది. కానీ ఆ బస్తాలోనే 9 కిలోల నత్రజని కూడా ఉంది. ఇక కావలసింది 27 కిలోలే. యూరియా బస్తా ఇప్పుడు 45 కిలోలు, అందులో నత్రజని 20.7 కిలోలు. అంటే బస్తా మీద మరో పద్నాలుగు కిలోలు చాలు. మీ నాన్న డీఏపీలోని నత్రజనిని లెక్కలోకి తీసుకోడు, యూరియా రెండు బస్తాలు నిండా వేస్తాడు. పైరు నల్లగా నిగనిగలాడుతుంటే మురిసిపోతాడు, ఆ తర్వాత నత్రజని ఎక్కువై సుడిదోమ చేరితే దాన్ని తిడతాడు. నేను చెబితే వినలేదు. నువ్వు కాగితం మీద చూపిస్తే వింటాడేమో చూడు.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు నేను చేసిన తప్పు కూడా చెబుతాను. ఒక రైతు వరిలో ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు చూసి తెగులని నిర్ధారించి మందు రాసిచ్చాను. పాపం అప్పు చేసి కొట్టాడు. వారానికి వెళితే చేను అలాగే ఉంది. పక్క చేను పెద్దాయన ఒక ఆకు తుంచి, ‘నడి ఈనె పాలిపోయింది చూశారా సారూ’ అన్నాడు. జింకు లోపం. లీటరు నీటికి రెండు గ్రాముల జింకు సల్ఫేటు, ఐదు రోజుల తేడాతో రెండుసార్లు కొట్టిస్తే తేరుకుంది. ముందు కొట్టిన మందు డబ్బులు నేనిస్తానంటే ఆ రైతు తీసుకోలేదు. తీసుకుని ఉంటే మరిచిపోయేవాణ్ణేమో.

రెండో ఏడాది సార్వా గురించి పైనే చెప్పాను. ఒక మడి నీ పేరున అడిగి తీసుకో. నారు పోసిన రోజు నుంచి ఖర్చు, కూలీలు, వాన, పురుగు అన్నీ రాసి, చివరికి ఎకరాకు ఎంత మిగిలిందో తేల్చు. చివరి దాళ్వాలో అగ్రిసెట్‌కు పుస్తకాలు పట్టు. మొదటి నెల నుంచే కోచింగ్ అంటూ పొలం మానేసేవాళ్లుంటారు, వాళ్ల వెంట పడకు.

తర్వాత దారులు కొన్ని ఉన్నాయి. 2019లో గ్రామ సచివాలయాల వ్యవసాయ సహాయకుల పోస్టులకు ఈ డిప్లొమాను అర్హతగా తీసుకున్నారు. అలాంటి నోటిఫికేషన్ ఏటా రాదు కాబట్టి దానికోసమే కాచుక్కూర్చోకు. విత్తన కంపెనీలు తీసుకుంటాయి. సొంతంగా ఏదైనా పెట్టాలనుకుంటే రైతులకు సలహాలు, సేవలు అందించే కేంద్రాల కోసం ఉన్న అగ్రి క్లినిక్‌ల పథకం కింద 45 రోజుల శిక్షణ ఉంది, బ్యాంకు రుణంలో రాయితీ మహిళలకు 44 శాతం. పురుగుమందుల కొట్టు మాత్రం ఆలోచించి పెట్టు. అప్పు మీద అమ్మాల్సి వస్తుంది, వసూలు కాదు, మిగులు ఎక్కువ ఉన్న డబ్బానే రైతు చేతిలో పెట్టాలనే కోరిక పుడుతుంది. మంచివాళ్లే మారిపోవడం చూశాను.

ఆడపిల్లకు పొలం ఉద్యోగమా అని మీ నాయనమ్మ అనే ఉంటుంది. మన డెల్టాలో నాట్లు వేసేదీ, కలుపు తీసేదీ ఎవరు? ముప్పై నాలుగేళ్లలో ఆ ఆడకూలీలు నాతో గట్టు మీద నాలుగు మాటలు మాట్లాడింది తక్కువ. ఏ కలుపు ఎప్పుడు మొలుస్తుందో, ఏ మూల చవుడు తేలిందో నాకంటే వాళ్లకు బాగా తెలుసు. నీతో చెబుతారు.

ఈ ఉత్తరంతో పాటు గట్టి అట్ట ఉన్న నోటు పుస్తకం ఒకటి, పదింతలు చూపే భూతద్దం ఒకటి పంపుతున్నాను. భూతద్దానికి తాడు కట్టి మెడలో వేసుకో, లేకపోతే మొదటి వారమే బురదలో పోతుంది. నాది అలా రెండు పోయాయి. ప్రవేశాలప్పుడు పల్లెలో చదివిన ఏళ్లకు ఋజువు అడుగుతారు, మీ బడి నుంచి ఆ ధ్రువపత్రాలు ఈ వారమే తీసుకో, ప్రధానోపాధ్యాయుడు సెలవు మీద వెళ్లకముందే.

మీ పెదనాన్న