చంద్రుడికి చీకటి అక్కర్లేదు

చిట్టితల్లికి పెదనాన్న దీవెనలు.

స్పేస్ స్టేషన్ చంద్రుడికి అడ్డంగా దాటుతుంటే ఫొటో తీస్తావని, అందుకోసం వచ్చే నెల మన ఊరు వస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత సంబరపడ్డానో! 1979లో స్కైలాబ్ అనే అమెరికా స్పేస్ స్టేషన్ నెత్తిన పడిపోతుందని భయపడి, ఎలాగూ పోతామని ఊళ్ళో కోళ్ళూ మేకలూ కోసుకుని తినేసిన రోజులు నాకు గుర్తే. ఆ ఊరి పిల్లే ఇప్పుడు అలాంటిదాని కోసం కాపు కాసి ఫొటో తీస్తానంటోంది. మీ తాత బతికి ఉంటే ఊరంతా చెప్పుకుని తిరిగేవాడు.

కానీ మీ అమ్మ ఆ తర్వాత చెప్పిన మాట విన్నాక నాకు నిద్ర లేదు. కొండ కింద జీడితోటలో, రాత్రి రెండు గంటలకి, ఒక్కదానివే నిలబడతావట! ఎవరిచ్చారమ్మా నీకీ సలహా?

ముందు ఫొటో సంగతి చెప్పేస్తాను. ట్రైపాడ్, నిండా చార్జింగ్ ఉన్న బ్యాటరీ, ఖాళీ కార్డు. ఇవి నీకు తెలిసినవే. ఆటోఫోకస్ ఆపెయ్యి. చంద్రుడి మీద వెలుగూ నీడా కలిసే చోట గుంతలు స్పష్టంగా కనిపించేదాకా రింగు తిప్పి, కదలకుండా టేపు వేసెయ్యి. రాత్రి కదా అని షట్టర్ ఎక్కువసేపు తెరిచావా, తెల్లటి ముద్ద మిగులుతుంది. చంద్రుడి మీద పడుతున్నది ఎండే, పగలు మన మీద పడేదే. నిండు చంద్రుడికి లెన్సు రంధ్రం ఎఫ్ 11కి, వెలుగు పట్టే సున్నితత్వం ఐఎస్ఓ 100కి పెడితే షట్టర్ సెకనులో నూరో వంతు తెరిస్తే చాలు. నీకు స్టేషన్ కూడా కావాలి కాబట్టి అది సరిపోదు. దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తున, సెకనుకి ఏడున్నర కిలోమీటర్లకు పైగా పోయే వస్తువది. నడినెత్తిన ఉంటే అర సెకనులో చంద్రుణ్ణి దాటేస్తుంది. అందుకని షట్టర్ సెకనులో రెండువేలో వంతుకి తెచ్చి, ఆ మేరకు ఐఎస్ఓ పెంచుకో. అంత రాత్రప్పుడు స్టేషన్ భూమి నీడలో ఉంటుంది, మెరవదు. వస్తోందని కంటికి తెలీదు, నల్లగా వచ్చి నల్లగా పోతుంది. గడియారాన్ని నమ్ముకుని కొన్ని సెకన్ల ముందే వీడియో మొదలుపెట్టాలి. దాన్ని అప్పుడప్పుడూ ఇంజన్లు మండించి పైకి నెడుతుంటారు కాబట్టి వారం కిందటి లెక్క పట్టుకుని కూర్చోకు. ఆ సాయంత్రం మళ్ళీ చూసుకో.

ఇక అసలు విషయం. మీ నాన్న ఎడమచేతి మీద గాట్లు నువ్వు చిన్నప్పట్నుంచీ చూస్తున్నవే. ఎలుగు కరిచిందని తెలుసు. ఎలా కరిచిందో వాడు చెప్పడు, నేను చెప్తాను.

2011 జూన్ 15 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. మన ఫొటో స్టూడియో కెమెరా పట్టుకుని మీ నాన్న ఆ తోటకే వెళ్ళాడు, ఒక్కడే. వెళ్ళేసరికి పున్నమి వెన్నెల పట్టపగల్లా ఉందట. టార్చి ఎందుకులే అని బండిలోనే వదిలేశాడు. అక్కడే చేశాడు తప్పు. ఒంటిగంటకి కాస్త ముందు చంద్రుడు పూర్తిగా నీడలోకి వెళ్ళిపోయాడు. మామూలు గ్రహణం కాదది. చంద్రుడు భూమి నీడ నడిమధ్య నుంచి పోయాడు, వంద నిమిషాలు అలాగే ఉన్నాడు. ఆ వెన్నెలంతా ఏమైపోయిందో, చెట్టు మొదలు కూడా కనపడలేదన్నాడు. అంత మసక చంద్రుడికి షట్టర్ సెకన్ల కొద్దీ తెరవాలి కదా, ట్రైపాడ్ అదురుతుందని మీ నాన్న ఊపిరి కూడా మెల్లగా తీస్తూ నిలబడ్డాడు. కదలడు, మాట్లాడడు, దగ్గడు. అవతల పనస చెట్ల కింద రాలిన పళ్ళు తింటూ ఎలుగు వస్తోంది. ఎలుగుకి చూపూ వినికిడీ అంతంతమాత్రం. మనిషి అలికిడి ముందే తెలిస్తే చాలాసార్లు తప్పుకుపోతుంది, దగ్గరికొచ్చాక తెలిస్తే బెదిరి మీద పడుతుంది. నాలుగు అడుగుల దూరంలో ఒకరినొకరు చూసుకున్నారు.

మీ నాన్న కేకలు విని, కాపలా ముసలాయన డబ్బా వాయించుకుంటూ లాంతరుతో పరిగెత్తుకు రాబట్టి వాడు బతికాడు. తర్వాత కార్డులో ఆఖరి ఫొటో నేను చూశాను. ఎర్రటి చంద్రుడు ఒక మూలకి గీతలా సాగిపోయి ఉన్నాడు. కుట్లు వేయించుకుని వచ్చిన రోజు కూడా వాడు అడిగింది లెన్సు పగిలిందా అనే.

ఇదంతా పాత కథ అనుకోకు. 2022 జూన్‌లో శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగు దాడిలో మనిషి ప్రాణమే పోయింది. తిత్లీ తుఫానుకి తోటలు పడిపోయాయి కానీ ఎలుగులు ఎక్కడికీ పోలేదు. నువ్వు వచ్చేవి జీడిపళ్ళు రాలే రోజులు.

అసలు నీకు చీకటెందుకు తల్లీ? చుక్కల్ని తీసేవాళ్ళకి కావాలి చీకటి. చంద్రుడికి వీధిలైటు అడ్డం రాదు, చంద్రుడి మీద దాటే స్టేషన్‌కీ రాదు. ఇక నువ్వు చెప్పే గీత, అంటే ఎక్కడ నిలబడితే స్టేషన్ చంద్రుణ్ణి దాటడం కనిపిస్తుందో మ్యాపులో చూపే గీత, మన తోట కోసం గీసింది కాదు. ఎన్నో ఊళ్ళ మీదుగా పోతుంది. దానికి అటూ ఇటూ కొన్ని కిలోమీటర్ల మేర దాటడం కనిపిస్తుంది. నడి గీత మీద నిలబడితే చంద్రుడి మధ్య నుంచి, పక్కకి జరిగితే ఓ వార నుంచి పోతుంది, అంతే తేడా. ఆ మేరలో మనుషులున్న ఊరు చూసుకుని, ఎవరిదైనా డాబా ఎక్కు. సముద్రపు ఒడ్డుకి మాత్రం వెళ్ళకు, ఉప్పుగాలికి లెన్సు మీద పొర కడుతుంది. ఏసీ కారులోంచి తీసిన లెన్సుకి ఆవిరి పడుతుంది, అరగంట ముందే బయట పెట్టు. పని అయ్యాక తుడవకుండా బ్యాగులో పడేస్తే మన తేమకి ఫంగస్ పడుతుంది. స్టూడియోలో బల్బు వెలిగే బీరువా ఇంకా ఉంది, తెచ్చి అందులో పెట్టు.

మీ నాన్నని కూడా తీసుకురా. చాన్నాళ్ళుగా వాడు రాత్రిపూట కెమెరా పట్టలేదు. నువ్వడిగితే కాదనడు. గీత ఏయే ఊళ్ళ మీదుగా పోతుందో పేర్లు రాసి పంపు. వాటిలో ఎక్కడో ఒకచోట మన స్టూడియోలో పెళ్ళి ఫొటోలు తీయించుకున్నవాళ్ళు ఉండకపోరు. డాబా నేను మాట్లాడతాను.

మీ పెదనాన్న