వైఫై కనెక్ట్ అయింది, లాగిన్ పేజీ మాత్రం రాదు

రైల్వే స్టేషన్ వైఫైకి కనెక్ట్ అయితే ఫోన్‌లో ఓటీపీ అడిగే లాగిన్ పేజీ వస్తోంది, ల్యాప్‌టాప్‌లో మాత్రం తెల్ల స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉందన్నారు కదా, అంటే తప్పు ఆ వైఫైది కాకపోవచ్చండీ. ముందు వీపీఎన్ (మీ నెట్‌ని వేరే సర్వర్ గుండా పంపే యాప్) ఉంటే ఆపేయండి. తర్వాత నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో డీఎన్‌ఎస్ (సైట్ పేరుని బట్టి దాని అడ్రస్ వెతికిపెట్టేది) చూడండి, ఇంట్లో నెట్ స్లోగా ఉందని ఎప్పుడో గూగుల్ డీఎన్‌ఎస్ 8.8.8.8 పెట్టి మర్చిపోయుంటారు (నేనూ అంతే, రైలొచ్చే దాకా తల పట్టుకు కూర్చున్నా), చాలాచోట్ల లాగిన్ పేజీకి దారి చూపేది ఆ వైఫై ఇచ్చే డీఎన్‌ఎస్సే కాబట్టి దాన్ని మళ్ళీ ఆటోమేటిక్‌కి మార్చండి. క్రోమ్ సెట్టింగ్స్‌లో సెక్యూర్ డీఎన్‌ఎస్ కూడా ఆఫ్ చేయండి, అదీ వైఫై ఇచ్చే డీఎన్‌ఎస్‌ని పక్కన పెట్టేయొచ్చు. ఆ తర్వాత గూగుల్ కొట్టకండి, అది హెచ్‌టీటీపీఎస్ (ఎన్‌క్రిప్ట్ చేసిన కనెక్షన్), దాన్ని వైఫై వాళ్ళు లాగిన్ పేజీకి మళ్ళించలేరు. నెవర్‌ఎస్‌ఎస్‌ఎల్ డాట్ కామ్ (neverssl.com, ఎన్‌క్రిప్షన్ లేకుండా తెరుచుకునే సైట్) అని టైప్ చేయండి, లాగిన్ పేజీ దాదాపుగా వచ్చేస్తుంది. రాకపోతే ఆ వైఫైని ఫర్గెట్ కొట్టి మళ్ళీ కనెక్ట్ అవ్వండి. లాగిన్ అయ్యాక వీపీఎన్ ఆన్ చేసుకోవచ్చు.