చిప్‌ల కొరత అని వైరింగ్ కంపెనీలో పని ఎందుకు ఆపారు?

జడ్చర్ల దగ్గర కార్ల వైరింగ్ తయారుచేసే కంపెనీలో మీ తమ్ముడిని చిప్‌ల కొరత పేరుతో మానిపించారన్నారు. వైరింగ్‌కూ చిప్‌లకూ ఏం సంబంధమని అడిగారు.

చిప్ అంటే కారులోని ఎలక్ట్రానిక్ పరికరాలను నడిపే చిన్న భాగం. ఒక్క చిప్ రాకపోయినా కారు తయారీ ఆగిపోతుంది. కారే తయారు కానప్పుడు వైరింగ్ సెట్టు ఎవరికి కావాలి? 2021 సెప్టెంబరులో మారుతి సుజుకీ తన ఉత్పత్తి మామూలులో 40 శాతమే ఉండొచ్చని ముందే చెప్పింది. కార్ల కంపెనీలు పార్టులను పెద్దగా నిల్వ పెట్టుకోవు, ఎప్పటికప్పుడు తెప్పించుకుంటాయి. అందుకే అక్కడ లైను ఆగితే ఇక్కడ షిఫ్టులు తగ్గుతాయి.

ముందు పోయేది కాంట్రాక్టు వాళ్లే. ‘రేపటి నుంచి రావద్దు’ అని సూపర్‌వైజర్ ఫోన్ చేస్తే అంతే. పర్మనెంటు వాళ్లకు లే-ఆఫ్ ఇస్తారు, అంటే ఉద్యోగం తీసేయకుండా కొన్నాళ్లు పని ఆపుతారు: 50 మంది, అంతకు మించి ఉన్న ఫ్యాక్టరీలో ఏడాది సర్వీసు ఉంటే ఆ రోజులకు బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి అందులో సగం రావాలి.

పే స్లిప్ మీద పేరు కంపెనీదా, కాంట్రాక్టరుదా చూడండి. కాంట్రాక్టరుదైతే పీఎఫ్ జమ అయిందో లేదో ఇవాళే చూసుకోమనండి.