ఎఫ్‌డీ తీసే ముందు పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి

ప్రశ్న: తెనాలిలో నాకు చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు ఉంది. మూడు కంప్యూటర్లూ విండోస్ 10వే. అప్‌డేట్లు ఆగిపోయాయి, కొత్తవి కొనాల్సిందే, లక్షన్నర అవుతుందని సర్వీసు కుర్రాడు అంటున్నాడు. మా అబ్బాయేమో విండోస్ బదులు ఉచితంగా వచ్చే లైనక్స్ వేసుకుందామంటాడు. ఎఫ్‌డీ తీసేయనా, ఈఎంఐలో కొననా?

జవాబు: ఈ వారం రెండూ వద్దండీ. విండోస్ 10కి ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిన మాట నిజమే. కస్టమర్ల ఆధార్ కాపీలుండే కంప్యూటర్లను అలాగే నెట్‌లో ఉంచకూడదు. కానీ మూడూ పనికిరావని పరీక్షించకుండా ఎలా తేల్చారు? మైక్రోసాఫ్ట్ వారి పీసీ హెల్త్ చెక్ యాప్‌ను ఒక్కోదాంట్లో నడపండి. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం నుంచి ప్రాసెసర్ ఉండాలి. చాలా మదర్‌బోర్డుల్లో టీపీఎం ఉన్నా బయాస్‌లో, అంటే కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెటప్‌లో, ఆఫ్ చేసి ఉంటుంది. ఆన్ చేస్తే చాలు, అప్‌గ్రేడ్‌కు పైసా ఖర్చుండదు.

ఇక లైనక్స్. ఈ విషయంలో నాకు తగిలిన దెబ్బ చెబుతాను. మా ఆఫీసులో ఒక కంప్యూటర్‌ను ఏమీ చూసుకోకుండా మార్చేశాం. 20వ తేదీ సాయంత్రం ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ జీఎస్‌టీ రిటర్ను వేయాలి. డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ టోకెన్ గుచ్చితే లైటు వెలుగుతోంది, పోర్టల్ మాత్రం సర్టిఫికెట్ లేదంటోంది. కంపెనీలకు ఆ సంతకం తప్పనిసరి. ఆలస్య రుసుము మేమే కట్టాం.

మీకు అసలు చిక్కు తెలుగు టైపింగ్‌కు వాడే అనూ ఫాంట్లు, పేజీలు కట్టే పేజ్‌మేకర్ దగ్గర వస్తుంది. ఏళ్లుగా కట్టిన పెళ్లి పత్రికల ఫైళ్లన్నీ వాటిలోనే ఉంటాయి కదా! అవీ, ట్యాలీ కూడా విండోస్ కోసం చేసినవే. ఆ పని జరిగే కంప్యూటర్ జోలికి వెళ్లొద్దు. దరఖాస్తులు, బ్రౌజింగ్ జరిగే దాంట్లో లైనక్స్‌లో ఒక రకమైన లైనక్స్ మింట్ ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టి, హార్డ్‌డిస్కు ముట్టకుండా నడిపి చూడండి. మీ ప్రింటర్‌లో ఒక పేజీ తీయండి, స్కానర్‌లో ఒక ఆధార్ పెట్టండి, వేలిముద్ర పరికరం ఉంటే అదీ చూడండి. క్యానన్ ఎల్‌బీపీ 2900 లాంటి పాత ప్రింటర్లు లైనక్స్‌లో వాటంతటవి పలకవు. కొత్త ప్రింటర్ కొనాల్సివస్తే ఇక ఉచితం ఎక్కడిది?

ఇవన్నీ చూశాక బహుశా ఒక్క కంప్యూటరే కొనాల్సి రావచ్చు. దానికి మొత్తం ఎఫ్‌డీ తీయకండి, గడువుకు ముందు తీస్తే వడ్డీ కోస్తారు. ఎఫ్‌డీ మీదే ఓవర్‌డ్రాఫ్ట్ అడగండి. వాడినంతకే వడ్డీ, సాధారణంగా ఎఫ్‌డీ రేటు కంటే ఒకటి రెండు శాతం ఎక్కువ. మీకు రెగ్యులర్ జీఎస్‌టీ ఉంటే బిల్లు షాపు పేరు మీదే తీసుకోండి, కట్టిన 18 శాతం జీఎస్‌టీ మీ పన్నులో తగ్గించుకునే క్రెడిట్‌గా వస్తుంది. చిన్న వ్యాపారుల కాంపోజిషన్ పథకంలో ఉంటే రాదు.

ఏది మార్చినా ముందురోజు రాత్రే ఫైళ్లన్నీ ఎక్స్‌టర్నల్ డిస్కులోకి ఎక్కించి, అందులోంచి ఒక పాత పత్రిక తెరిచి చూసుకోండి.