నాలుగో మూల నోరు తెరుస్తోందా?

ప్రశ్న: మాస్టారూ, నేను 6 ఎంఎం టేకు పలకలతో కుంకుమ పెట్టెలు, చిన్న నగల పెట్టెలు చేస్తుంటాను. మైటర్ బాక్స్‌లో (రంపాన్ని కోణం తప్పకుండా నడిపే గాడులున్న సాధనం) పెట్టి చేతి రంపంతో 45 డిగ్రీల వాలులో కోస్తా. మూడు మూలలు బానే కూర్చుంటాయి, నాలుగోది మాత్రం నోరు తెరుస్తుంది. చెక్కపొడి, ఫెవికాల్ కలిపి నింపినా పాలిష్ వేశాక ఆ గీత కొట్టొచ్చినట్టు కనపడుతోంది. ఏం చెయ్యాలి?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, నాలుగో మూలని తిట్టుకోకండి, అది మిగతా వాటి అప్పు కడుతోందంతే. పెట్టెకి 8 కోతలు, ఒక్కోటీ అర డిగ్రీ ఒకే వైపుకి తప్పినా మొత్తం 4 డిగ్రీలు, అదంతా చివరి మూలకొచ్చి పడుతుంది, మీ 6 ఎంఎం చెక్కలో అది అర ఎంఎం పైనే సందు. సందు బయటివైపు కనపడితే వాలు చాలనట్టు, లోపలివైపైతే ఎక్కువ తీసేసినట్టు.

మైటర్ బాక్స్ గాడిలో రంపం కాస్త ఊగుతుంది, అందుకే రంపంతోనే ఫినిషింగ్ అయిపోవాలనుకోవద్దు. ఒక ఎంఎం ఎక్కువుంచి కోసి, మిగిలింది చిత్రిక పట్టండి. చదునైన ప్లైవుడ్ మీద 45 వాలున్న దిమ్మె బిగించుకుని, పలకని ఆ వాలు మీద ఆనించి, చిత్రికని పక్కకి పడుకోబెట్టి కొస మీద నడపాలి, బ్లేడు మాత్రం బాగా సానపట్టి ఉండాలి, చివర చిట్లకుండా వెనకాల ఓ వేస్ట్ ముక్క పెట్టుకోండి.

ఇంకోటి, నాకైతే ఇదే అసలు ముఖ్యం. కోణం కరెక్ట్‌గా ఉన్నా ఎదురెదురు పలకల పొడుగులో తేడా ఉంటే మూల తెరుచుకుంటుంది, చాలామంది ఇది చూడకుండా డిగ్రీల వెంటే పడతారు. టేపుతో కొలవద్దు. రెండు పలకలూ జతగా నిలబెట్టి కొసల మీద గోరుతో గీరండి, గోరుకి మెట్టు తగిలితే పొడుగుదాన్ని ఇంకో పొర తియ్యాలి.

అతికించేటప్పుడు నాలుగు పలకలూ బయటివైపు పైకుండేలా వరసగా పేర్చి, కొసకి కొస తగిలించి మాస్కింగ్ టేప్ వేసి, మొత్తం తిరగేసి, గాడుల్లో ఫెవికాల్ రాసి మడిచెయ్యండి. కోసిన కొస జిగురు తాగేస్తుంది కాబట్టి ముందు పల్చగా ఓ పూత, కాసేపాగి రెండోది. ఐమూలగా రెండు వైపులా కొలిచి, సమానంగా ఉంటేనే ఆరబెట్టండి.

అప్పటికీ వెంట్రుకంత సందు మిగిలితే జిగురు తడిగా ఉన్నప్పుడే స్క్రూడ్రైవర్ గుండ్రటి కాడతో ఆ అంచు మీద గట్టిగా రుద్దండి, పీచు నలిగి మూసుకుంటుంది.